శాసనసభ్యుని రెండు ఋణాలు: కాలిఫోర్నియా సభాపతి జెస్సీ అన్రూ చరిత్ర

ఉప్పు తిన్న యింటికి కీడు తలపెట్టరాదని పెద్దల మాట. సంసారంలో ఉన్నవానికి ఇంతకు మించిన నీతి అక్కరలేదు. కాని సభలో కూర్చుండి పదుగురికి న్యాయం చెప్పవలసినవానికి ఈ నీతియే సంకెల కావచ్చును. కౌరవసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని చెప్పి ఊరకుండినాడు. పిమ్మట కురుక్షేత్రంలో ధర్మరాజు పాదాభివందనం చేయ వచ్చినప్పుడు, తాను కౌరవుల అర్థానికి కట్టుబడినవాడనని ఆయనయే ఒప్పుకొన్నాడు. ఆయనకు ధర్మం తెలియకపోలేదు. తెలిసిన ధర్మాన్ని పలుకనీయని ఋణమొకటి ఆయన నాలుకను పట్టుకొన్నది.

ప్రజాస్వామ్యంలో రాజు పెట్టే అన్నం లేదు. అయినను శాసనసభకు ఎన్నిక కావలెనన్నచో కరపత్రాలు అచ్చువేయవలె, ఊరూరా తిరుగవలె, పనివారిని పెట్టుకొనవలె, ప్రకటనలు ఇవ్వవలె. వీనికి ధనమెవరు ఇచ్చినారు, ఇచ్చినవారికి అతడేమి తిరిగి ఇచ్చినాడు అను రెండు ప్రశ్నలు శాసనసభ్యుని పదవీకాలమంతా నీడవలె వెంబడించును. ఈ ప్రశ్నలను విని తల వంచుకొనువారే ఎక్కువ. తల యెత్తి జవాబు చెప్పినవాడొకడు అమెరికాలో ఉండినాడు. ధనమే రాజకీయాలకు తల్లిపాలని అతడు 1966లో బాహాటంగా ప్రకటించినాడు. పైరవీకారుల విందులారగించి, వారి ధనం పుచ్చుకొని, ఆపైన వారికే వ్యతిరేకంగా ఓటు వేయలేనివానికి శాసనసభలో పని లేదని కూడ అతడు అనుచుండెడివాడు. అతడు కాలిఫోర్నియా రాష్ట్ర శాసనసభకు 1961 నుండి 1968 వరకు సభాపతిగా ఉండిన జెస్సీ అన్రూ. భీష్మునికి సాధ్యపడనిది తనకు సాధ్యమని చెప్పుకొన్న ఈ మనిషి నిజముగా ఏమి చేసినాడో పరిశీలించుట విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఉపయోగకరమైన పాఠం.

పేదయింటి బిడ్డ

అన్రూ 1922 సెప్టెంబరు 30వ తేదీన కాన్సాస్ రాష్ట్రంలోని న్యూటన్ పట్టణంలో పుట్టినాడు. ఆ కుటుంబం టెక్సాస్‌కు తరలి, పరుల భూమిని పాలుకు సేద్యం చేసి బ్రతికినది. బాల్యంలో అతడు చూచినది దారిద్ర్యమే. రెండవ ప్రపంచ సంగ్రామకాలంలో నౌకాదళంలో పనిచేసి, యుద్ధం ముగిసిన పిదప, సైనికుల చదువుకు ప్రభుత్వమిచ్చిన సహాయంతో లాస్ ఏంజెలెస్‌లోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరినాడు. అక్కడనే రాజకీయాలు అతనికి పట్టుబడినవి. మొదట ఓటమి చవిచూచినను పట్టు విడువక, డెమోక్రాటిక్ పక్షం తరఫున 1954లో శాసనసభకు ఎన్నికైనాడు.

అతడు ప్రవేశించిన సభ ఎట్టిదో తెలిసినగాని అతని పని అర్థం కాదు. ఆ రాష్ట్రంలో రెండు సభలు కలవు. దిగువ సభలో 80 మంది, ఎగువ సభయైన సెనేటులో 40 మంది సభ్యులు. ఆనాడు శాసనసభ్యత్వం పూర్తికాలపు ఉద్యోగం కాదు. బేసి సంవత్సరాలలో మాత్రమే పూర్తి సమావేశం జరిగేది. సరి సంవత్సరాలలో బడ్జెట్టు కొరకు కొద్ది దినాల సమావేశం. జీతం నెలకు 500 డాలర్లు. కుటుంబపోషణకు అది చాలదు గనుక సభ్యులు న్యాయవాదులుగానో, వర్తకులుగానో సంపాదన వెదకుకొనవలసి వచ్చేది. రెండు పక్షాల ప్రాథమిక ఎన్నికలలోను ఒకే అభ్యర్థి నిలువవచ్చునను విచిత్రమైన నియమం 1959 వరకు అమలులో ఉన్నందున, పక్షానికి సభ్యునిపై పట్టు లేదు. పక్షం విడిచిన పగ్గాలు పైరవీకారుల చేతిలో పడినవి.

వ్యాపారసంస్థల పక్షాన సభాభవనపు నడవలలో తిరుగుచు, సభ్యులను కలిసి బిల్లులను నడిపించుటయో నిలిపివేయుటయో చేయువారే ఈ పైరవీకారులు. వారిలో ప్రముఖుడు ఆర్టీ సామిష్. సారాయి, బీరు వర్తకుల ప్రతినిధియైన ఇతని ప్రాబల్యాన్ని 1949లో 'కాలియర్స్' వారపత్రిక బయటపెట్టినది. ఒక కీలుబొమ్మను ఒడిలో కూర్చుండబెట్టుకొని, దానిని శాసనసభ యని పలుకరించుచు అతడు ఆ పత్రికకు ఫోటో దిగినాడు. అహంకారం పతనానికి దారి తీసినది. ఆదాయపు పన్ను ఎగవేసిన నేరానికి 1953లో అతనికి శిక్ష పడినది. కాని సామిష్ పోయినంత మాత్రాన సామిష్‌ను పుట్టించిన పరిస్థితులు పోలేదు.

1959 నాటి చట్టం

1959లో డెమోక్రాటిక్ పక్షానికి చెందిన పాట్ బ్రౌన్ గవర్నరైనాడు. అన్రూ ఆర్థిక వ్యవహారాలు చూచు సభాసంఘానికి అధ్యక్షుడైనాడు. ఆ సంవత్సరం అతని పేరిట రెండు ముఖ్యమైన చట్టాలు వచ్చినవి.

మొదటిది పౌరహక్కుల చట్టం. కాలిఫోర్నియాలో 1897 నుండియే ఇట్టి చట్టమొకటి ఉన్నది. అందులో సత్రాలు, భోజనశాలలు, క్షౌరశాలలు, నాటకశాలలు మొదలైన కొన్ని స్థలాలు పేర్కొనబడినవి. జాబితా ఉన్నచోట దాని వెలుపల నిలిచి తప్పించుకొనువారు కూడ ఉందురు. నల్లజాతి బాలికను చేర్చుకొనని ఒక ప్రైవేటు పాఠశాల విషయంలో, ఆ పాఠశాల చట్టం చెప్పిన స్థలాలలో చేరదని న్యాయస్థానం తీర్పు చెప్పినది. అన్రూ చట్టం జాబితాను తీసివేసి, సమస్త విధములైన వ్యాపారసంస్థలలోను జాతి, వర్ణ, మత, వంశ, దేశ భేదాలు లేక అందరికిని సమానమైన సేవ జరుగవలెనని శాసించినది. ఉల్లంఘించినవారు బాధితునికి నష్టంతోపాటు 250 డాలర్లు చెల్లించవలెను. అమెరికా కేంద్రప్రభుత్వం పౌరహక్కుల చట్టం చేసినది 1964లో. దానికి అయిదేండ్ల ముందటి మాట యిది.

ఈ చట్టం మొదటి ముసాయిదాలో పాఠశాలల పేరు కూడ ఉన్నది. సవరణలలో ఆ మాట జారిపోయినది. శాసనం చేయుట యనగా కోరినదంతయు పొందుట కాదు. ఓట్లు లభించినంతవరకు పొందుట. అయినను మిగిలిన మాటలు చాలినంత బలమైనవే. ఇండ్లు కట్టి అమ్మే సంస్థ కూడ వ్యాపారసంస్థయే గనుక నల్లజాతివారికి ఇల్లు అమ్మననుటకు వీలులేదని ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు 1962లో తీర్పు చెప్పినది. 1963లో బైరన్ రంఫర్డు ప్రవేశపెట్టిన గృహవసతి చట్టం కూడ అన్రూ సభాపతిగా ఉన్నప్పుడే వచ్చినది. దానిని 1964లో ఓటర్లు ప్రజాభిప్రాయ సేకరణలో రద్దు చేసినారు. అద్దెయిల్లు నిరాకరింపబడిన ఒక నల్లజాతి దంపతులు అన్రూ చట్టాన్నే ఆధారంగా చేసుకొని వ్యాజ్యం వేయగా, ఆ రద్దు చెల్లదని 1967లో అమెరికా సుప్రీంకోర్టు తీర్మానించినది. అన్రూ చట్టం నేటికిని అమలులో ఉన్నది; కాలక్రమాన స్త్రీలకు, వికలాంగులకు, ఇంకను పలువురికి దాని రక్షణ విస్తరించినది.

రెండవది వాయిదాల మీద సరకులు కొనువారిని గూర్చిన చట్టం. వడ్డీ యెంత, ఇతర రుసుములెంత, మొత్తం చెల్లించవలసినదెంత అనునవి పత్రంలో స్పష్టంగా చూపవలెనని అది విధించినది. దారిద్ర్యం చూచినవాని చేతినుండి వచ్చిన చట్టమని దీనిని చదివినవారికి తోచును.

సభాపతి చేతి సంచి

ఇంతవరకు చెప్పినది వెలుతురు. ఇక నీడను చూడవలె.

మన దేశంలో సభాపతి పక్షాలకు అతీతంగా ఉండవలెనని కోరుదుము. అమెరికా రాష్ట్రాలలో అట్లు కాదు. సభాపతి తన పక్షానికి నాయకుడు. సభాసంఘాల అధ్యక్షులను నియమించువాడు. ఏ బిల్లు ఏ సంఘానికి పోవలెనో, ఏది బ్రతుకవలెనో ఏది చావవలెనో చాలవరకు అతని చేతిలోని పని. 80 మందిలో 41 మంది ఓట్లు ఉన్నవానికి ఆ పీఠం దక్కును. ఆ 41 ఓట్లను సంపాదించుటకు అన్రూ ఒక మార్గం కనిపెట్టినాడు.

హోం సేవింగ్స్ అను పెద్ద పొదుపు ఋణసంస్థకు అధిపతియైన హోవర్డు ఆమన్సన్ వంటి ధనికులు అతనికి విరాళాలిచ్చినారు. ఆ ధనాన్ని అతడు తన ఎన్నికకే వాడుకొనక, గెలువగల ఇతర అభ్యర్థులకు పంచిపెట్టినాడు. పిమ్మట పైరవీకారులకు కూడ ఇదే పద్ధతి నేర్పినాడు: సభ్యులకు విడివిడిగా ఇచ్చుటకు బదులు సభాపతికి ఇచ్చినచో అతడే పంచును. దీనివలన ఒక మేలు జరిగినది. సాధారణ సభ్యుడు పైరవీకారుని ముఖం చూడనక్కరలేదు. సామిష్ వలె బొమ్మను ఆడించుట ఏ ఒక్కనికిని సాధ్యం కాలేదు. కాని ఒక కీడు కూడ జరిగినది. సభ్యుని ఋణం తీరలేదు, ఋణదాత మారినాడంతే. ఇప్పుడతడు సభాపతికి ఋణపడినాడు.

వారి ధనం తిని వారికే వ్యతిరేకంగా ఓటు వేయగలనన్న అన్రూ ప్రగల్భంలో ఒక లోపమున్నది. ఓటు పడిన బిల్లు సభాచర్యలలో కనిపించును; ఓటుకే రాని బిల్లు కనిపించదు. సంఘంలో పండుకొని లేవని బిల్లుకు ఎవరు జోల పాడినారో అందులో వ్రాయరు. కావున సభ్యుని ఓట్ల పట్టిక ఒక్కటే చూచి అతని నిజాయితీని తేల్చుట కష్టం. దానిప్రక్కన విరాళాల పట్టిక పెట్టి చదువవలె. ఆనాడు ఆ రెండవ పట్టికను పూర్తిగా చూచు అవకాశం సామాన్యపౌరునికి లేదు.

అధికారం అతనిని ఎంత దూరం తీసికొనిపోయినదో 1963 జులై నెలాఖరున బయటపడినది. పాఠశాలల ఆర్థికసహాయానికి సంబంధించిన బిల్లు సభలో ఉన్నది. ప్రతిపక్షమైన రిపబ్లికన్లు, వివరాలు తెలియనిదే ఓటు వేయమని మొండికేసినారు. అన్రూ సభానియమాలను ప్రయోగించి, వారిని రాత్రంతా సభాభవనంలో నిర్బంధించినాడు. బిల్లు పిల్లల చదువుకొరకే. కాని అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పక తలుపులు మూయుట ప్రజలకు నచ్చలేదు. స్థూలకాయుడైన అన్రూకు 'బిగ్ డాడీ' అను పేరు అంతకు ముందే ఉన్నది. టెన్నెసీ విలియమ్స్ నాటకంలోని ఒక పెత్తందారు పేరది. ఆ రాత్రితో అది అతనికి శాశ్వతంగా అంటుకొన్నది. పిమ్మట అతడు శరీరభారంతోపాటు దర్పాన్ని కూడ కొంత తగ్గించుకొన్నాడు.

విజ్ఞానఋణం

ఆ అనుభవం తరువాతనే అతని జీవితంలోని గొప్ప కార్యం నెరవేరినది. పైరవీకారుని బలం ధనంలో మాత్రమే లేదని అన్రూ గ్రహించినాడు. సభ్యునికి ఒక బిల్లు వచ్చును. అది బ్యాంకులను గూర్చినదో, నీటిపారుదలను గూర్చినదో, భీమాను గూర్చినదో కావచ్చును. అందులోని సూక్ష్మాలు అతనికి తెలియవు. సహాయకుడు లేడు, గ్రంథాలు చదువ వ్యవధి లేదు. అప్పుడు ఆ వ్యాపారపు ప్రతినిధియే ప్రక్కకు వచ్చి లెక్కలు చెప్పును, సవరణ వ్రాసియిచ్చును, ప్రసంగం కూడ సిద్ధపరచును. ఇది ధనఋణం కంటె లోతైన ఋణం. డబ్బు తీసికొనని నిష్కళంకుడు సైతం తెలివిని అరువు తెచ్చుకొన్నచో అరువిచ్చినవాని మాటయే పలుకును.

ఈ రెండవ ఋణం తీర్చుటకు అన్రూ సభాసంఘాలకు చదువుకొన్న సలహాదారులను నియమించినాడు. ప్రతిపక్షానికి కూడ సహాయకులను ఇచ్చినాడు. విశ్వవిద్యాలయాల పట్టభద్రులు కొంతకాలం సభలో పనిచేసి శాసననిర్మాణం నేర్చుకొను పథకాన్ని ప్రోత్సహించినాడు; నేడది అతని పేరిటనే నడచుచున్నది. 1966 నవంబరులో రాష్ట్రరాజ్యాంగ సవరణను ప్రజల ముందుంచినారు. సభ ప్రతి సంవత్సరం పూర్తిగా సమావేశం కావలెననియు, సభ్యుల జీతాన్ని చట్టం ద్వారా నిర్ణయించవచ్చుననియు దాని సారాంశం. గవర్నరు పదవికి పోటీపడుచున్న పాట్ బ్రౌన్, రొనాల్డ్ రేగన్ ఇరువురును దానిని సమర్థించినారు. ప్రజలు ఆమోదించినారు. సంవత్సరానికి 6,000 డాలర్లుగా ఉన్న జీతం 16,000 డాలర్లైనది. 1971లో అమెరికా రాష్ట్రాల శాసనసభలన్నింటిని తూచిచూచిన ఒక పౌరసంస్థ కాలిఫోర్నియాకు ప్రథమస్థానమిచ్చినది.

పాలు ఎండిన వేళ

1968లో అన్రూ రాబర్ట్ కెనడీ అధ్యక్షపదవికి నిలిచినప్పుడు కాలిఫోర్నియాలో ఆయన ప్రచారానికి సారథ్యం వహించినాడు. జూన్‌లో కెనడీ లాస్ ఏంజెలెస్‌లో హత్యకు గురియైన క్షణాన అన్రూ అక్కడనే ఉన్నాడు. హంతకుని చంపబోయిన జనాన్ని అడ్డుకొని, న్యాయస్థానమే శిక్షించవలెనని అతనిని కాపాడినవారిలో అతడొకడు. ఆ సంవత్సరాంతపు ఎన్నికలలో రిపబ్లికన్లకు ఆధిక్యం వచ్చినందున సభాపతి పీఠం చేజారినది.

1970లో గవర్నరు పదవికి రేగన్‌పై పోటీ చేసినాడు. పీఠం లేనివానికి పంచుటకేమున్నది? ఒకనాడు ముంగిట నిలిచిన దాతలు మొగం చాటువేసినారు. అప్పుడు అన్రూ, రేగన్‌ను సమర్థించు చమురు ధనికుడు హెన్రీ సాల్వటోరి భవనం ఎదుటికి పత్రికాప్రతినిధులను తోడ్కొనిపోయి, పన్ను సవరణవలన ఇట్టివారికే లాభమని ఆరోపించినాడు. గృహస్థుడు వెలుపలికి వచ్చి అతనితో వాదమునకు దిగినాడు. ధనికుల ధనంతో ఎదిగినవాడు ధనికుని గుమ్మంలో నిలిచి ధనాన్ని దూషించుట చూచినవారికి వింతగా తోచినది. 1966లో సుమారు పది లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచిన రేగన్ ఈ పర్యాయం సుమారు 5 లక్షల ఆధిక్యంతో గెలిచినాడు. అన్రూ ఓడినను, చేతిలో ధనం లేకయే ప్రత్యర్థి ఆధిక్యాన్ని సగానికి తగ్గించినాడు.

1974లో రాష్ట్ర కోశాధికారిగా ఎన్నికై, 1987 ఆగస్టు 4న మరణించువరకు అన్రూ ఆ పదవిలో ఉన్నాడు. పేరుకు మాత్రమే ఉండిన ఆ కార్యాలయాన్ని బలమైనదిగా తీర్చినాడు. కాని రాష్ట్రపు ఋణపత్రాల వ్యాపారం చేయు సంస్థలనుండి ఎన్నికల విరాళాలు పుచ్చుకొన్నాడను విమర్శ అప్పుడును తప్పలేదు. పాత అలవాటు కడవరకు వదలలేదు.

మనిషి పోయిన తరువాత మార్గం

అతడు కోశాధికారియైన 1974లోనే, జూన్ నెలలో, కాలిఫోర్నియా ప్రజలు రాజకీయ సంస్కరణ చట్టాన్ని నూటికి దాదాపు 70 ఓట్లతో ఆమోదించినారు. విరాళాలు, వ్యయాలు బహిరంగంగా ప్రకటింపవలెనని అది నిర్బంధించినది. పైరవీకారుడు ఒక అధికారిపై నెలకు 10 డాలర్లకు మించి ఖర్చు పెట్టరాదన్నది. అమలు చూచుటకు ఒక కమిషన్ ఏర్పడినది. విందులారగించి వ్యతిరేకంగా ఓటు వేయుట పౌరుషమని అన్రూ అన్నాడు. అసలు ఆ విందే వద్దని ప్రజలన్నారు.

అయినను సభాపతి విరాళాలు సమకూర్చి పంచు పద్ధతి నిలిచిపోయినది. తరువాతివారు దానిని ఇంకను పెంచినారు. 1988 ఆగస్టులో కేంద్ర పరిశోధక సంస్థయైన ఎఫ్.బి.ఐ. శాసనసభా కార్యాలయాలను సోదా చేసినది. రొయ్యల వ్యాపారమని ఒక బూటకపు సంస్థను సృష్టించి, దానికనుకూలమైన బిల్లుకు ఎవరెవరు ఎంత తీసికొందురో ఆ శాఖ కనిపెట్టినది. తదుపరి సంవత్సరాలలో పలువురు సభ్యులు శిక్షలు అనుభవించినారు. విసిగిన ప్రజలు 1990లో సభ్యుల పదవీకాలానికి పరిమితి విధించి, శాసనసభ స్వంత వ్యయాన్ని తీవ్రంగా కోసివేసినారు. ఆ కోతలో అన్రూ కూర్చిన సలహాదారులలో అనేకులు సభను విడిచిపోవలసి వచ్చినది. మొదటి ఋణాన్ని తీర్చకుండ వదిలినందున, రెండవ ఋణాన్ని తీర్చుటకు చేసిన కృషి కూడ దెబ్బతిన్నది.

సాక్రమెంటోలో ఒక ప్రభుత్వ కార్యాలయభవనం నేడు అన్రూ పేరు ధరించియున్నది. అతని పేరిటి చట్టం కింద వ్యాజ్యాలు వేయువారిలో అనేకులకు ఆ పేరుగల మనిషి ఎవరో తెలియదు. ఆ చట్టం నిజం. దానిని గెలిపించిన బలానికి కొంత ధనం తోడ్పడినదనుట కూడ నిజం. ఒకదానిని చూపి రెండవదానిని కప్పుట చరిత్ర వ్రాయువారికి తగదు. తన నాలుక తన వశంలో ఉన్నదని అన్రూ నమ్మినాడు. బహుశా అతని విషయంలో అది చాలవరకు నిజమే కావచ్చును. కాని అతడు వేసిన బాటలో నడచినవారందరికి అట్టి గుండె ఉండదు. శాసనసభ్యుని పనిని తూచదలచిన విద్యార్థి మూడు కాగితాలు పక్కపక్కన పరచుకొనవలె: అతడు చేసిన చట్టాలు, అతనికి వచ్చిన విరాళాలు, అతని సంఘంలో పడి లేవని బిల్లులు. మొదటిది సభ్యుడే తెచ్చి చూపును. తక్కిన రెండును అడిగి తీసికొనవలె.